పాత ల్యాప్‌టాప్ స్క్రీన్‌తో ఇంట్లోనే ప్రొజెక్టర్: తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఇది నిజంగా పనిచేస్తుందా, లేక వీడియోల కోసం చేసే గారడీయేనా?

పనిచేస్తుందండి. నేను ఇప్పటికి మూడు డబ్బాలు కట్టాను. మొదటిదానికి ప్యానెల్ విప్పేటప్పుడే దాని పల్చటి ఫిల్ము అతుకు దెబ్బతింది, రెండోదాంట్లో బొమ్మైతే వచ్చింది గానీ వెన్నెల్లో చూస్తున్నట్టు మసగ్గా వచ్చింది, మూడోది ఇప్పటికీ వాడుతున్నా. ముందే ఒక మాట చెప్పేస్తా. అందరూ స్క్రీన్ దగ్గర మొదలుపెడతారు, ఎందుకంటే చేతిలో పడి ఉన్నది అదే కాబట్టి. ఈ పని మొత్తంలో తేలిగ్గా తేలిపోయేది ఆ స్క్రీనే, ప్రాణం తోడేసేవి లైటూ లెన్సులూ. కింద ఏ ప్రశ్న పట్టుకున్నా తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది చూడండి.

ల్యాప్‌టాప్ స్క్రీన్‌కి సొంత వెలుగు ఉంది కదా, ఎదురుగా ఒక పెద్ద భూతద్దం పెడితే చాలదా? విప్పడం ఎందుకు?

అందరూ మొదట అడిగేది ఇదే, చెప్పుల డబ్బాలో ఫోన్ పెట్టి చేసేది కూడా ఇదే. లెక్క వేస్తే ఎందుకు కుదరదో తెలిసిపోద్ది. మామూలు ల్యాప్‌టాప్ స్క్రీన్ వెలుగు 250 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) దాకా ఉంటుంది, పైగా ఆ వెలుగు అన్ని వైపులకీ చెదిరిపోతుంది, పక్కన కూర్చున్నవాడికి కూడా కనపడాలి కదా మరి. 80 మిల్లీమీటర్ల వెడల్పున్న లెన్స్‌ని 36 సెంటీమీటర్ల దూరంలో పెడితే దాంట్లోకి దూరే వెలుగు మొత్తం కలిపి ఒక్క ల్యూమెన్ (మొత్తం వెలుగు కొలత) కూడా ఉండదు. ఒక్క ల్యూమెన్‌ని గోడంతా పూస్తే ఏం కనపడుతుంది, చీకట్లో నల్లపిల్లి. అందుకే వెనకున్న బ్యాక్‌లైట్ తీసేసి, ఉత్త గాజు పలకని ఉంచి, దాని వెనక బాగా బలమైన లైటు పెట్టి, ఆ వెలుగు చెదరకుండా నేరుగా లెన్స్‌లోకి మళ్లించాలి. పాతకాలం స్లైడ్ ప్రొజెక్టర్ చేసేది ఇదే, మనం స్లైడ్ బదులు కదిలే స్లైడ్ పెడుతున్నాం, అంతే.

ఎంత సైజు ప్యానెల్ తీసుకోవాలి? నా దగ్గర 15.6 అంగుళాలది ఉంది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 15.6 అంగుళాల ప్యానెల్‌లో బొమ్మ వచ్చే భాగం సుమారు 344 మిల్లీమీటర్ల వెడల్పు, 194 ఎత్తు ఉంటుంది. లైటుని మళ్లించడానికి వాడే పల్చటి ప్లాస్టిక్ లెన్సుల్ని ఫ్రెనెల్ షీట్లంటారు, ఈ పనికి ఎక్కువగా దొరికేవి 310 నుంచి 330 మిల్లీమీటర్ల చదరం. అంటే ప్యానెల్ లెన్స్ కంటే వెడల్పు, రెండు పక్కలా అంచులు చీకటైపోతాయి, టాస్క్‌బార్‌లో గడియారం ఉండే మూల అసలు కనపడదు. పెద్ద ఫ్రెనెల్ దొరికితే వేరే సంగతి, అప్పుడు డబ్బా కూడా చిన్నపాటి బీరువా అంత అవుద్ది.

నా సలహా అయితే చిన్నది తీసుకోండి. 10.1 అంగుళాల నెట్‌బుక్ (చిన్న ల్యాప్‌టాప్) ప్యానెల్ సుమారు 223 బై 125 మిల్లీమీటర్లే, దానికి ఫ్రెనెల్స్ హాయిగా సరిపోతాయి, డబ్బా కూడా ఎత్తి పక్కన పెట్టుకునేలా ఉంటుంది. కాకపోతే పాత నెట్‌బుక్‌లకి ఎక్కువగా 1024 బై 600 రిజల్యూషనే ఉంటుంది, దగ్గర కూర్చుంటే చుక్కలు లెక్కపెట్టొచ్చు. 13.3 అంగుళాలది సుమారు 294 బై 165, అది మధ్యేమార్గం, నా మూడో డబ్బాలో ఉన్నది అదే. 15.6 ఒక్కటే ఉందంటే దాంతోనే చెయ్యండి, అంచులు పోయిన బొమ్మతో రాజీ పడండి, లేదా వీడియోని కొంచెం చిన్న కిటికీలో నడపండి.

ప్యానెల్‌కి హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ ఎలా కలపాలి?

నేరుగా కలపలేం. ల్యాప్‌టాప్ ప్యానెల్ వెనక ఉండేది 30 పిన్నులదో 40 పిన్నులదో సన్న కనెక్టర్, పాతవైతే ఎల్‌వీడీఎస్, కొత్తవైతే ఈడీపీ. ఇవి సిగ్నల్ పంపే పద్ధతులు, రెండూ వేర్వేరు భాషలు, ఒకదాని బోర్డు ఇంకోదానికి పనికిరాదు. మధ్యలో కంట్రోలర్ బోర్డు ఒకటి కావాలి, అది ఒక పక్క హెచ్‌డీఎమ్‌ఐ తీసుకుని ఇంకో పక్క ప్యానెల్‌కి అర్థమయ్యేలా ఇస్తుంది, చాలావరకు 12 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తుంది.

బోర్డు కొనేముందు ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ చూడండి, ల్యాప్‌టాప్ మోడల్ కాదు, ప్యానెల్ మోడల్. బీ156, ఎల్‌పీ156, ఎన్‌156, ఎల్‌టీఎన్‌156 ఇలా మొదలవుతుంది, అందులో 156 అంటే 15.6 అంగుళాలని. ఒకే ల్యాప్‌టాప్ మోడల్‌లో రెండు మూడు కంపెనీల ప్యానెళ్లు వేస్తుంటారు కాబట్టి ల్యాప్‌టాప్ పేరు చెప్పి బోర్డు తెప్పించుకుంటే జూదమే. విప్పాక వెనక రేకు పారేస్తారు, స్టిక్కర్ దాంతోపాటే పోద్ది, ముందే ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకోటి, బోర్డు మీద ప్యానెల్ వోల్టేజ్ జంపర్ (పిన్నుల మీద మార్చి పెట్టే చిన్న తొడుగు) ఉంటుంది, 3.3, 5, 12 అని. ల్యాప్‌టాప్ ప్యానెళ్లు మామూలుగా 3.3 వోల్టులవి. బోర్డు వచ్చినప్పుడు జంపర్ 5 మీదో 12 మీదో ఉండొచ్చు, చూసుకోకుండా ప్లగ్ పెట్టారా, చిన్న టిక్ శబ్దం, అంతే, మళ్లీ లేవదు.

ల్యాప్‌టాప్ బాగానే ఉంది, దాని బోర్డుతోనే ప్యానెల్ నడపొచ్చు కదా?

నడపొచ్చు, కేబుల్ అందేంత దగ్గరగా ఉంటే. లాగి అతికి పొడుగు చేద్దామంటే మాత్రం కుదరదు, ఆ వైర్లలో సిగ్నల్ చాలా వేగంగా పోతుంది, అతుకు పడితే గీతలూ మచ్చలూ మొదలవుతాయి.

ప్యానెల్ విప్పేటప్పుడు ఏం జాగ్రత్త?

అసలు గండం ఇదే. చుట్టూ ఉన్న రేకు ఫ్రేము, టేపులు నిదానంగా తీస్తే లోపల వరసగా గాజు ప్యానెల్, దాని వెనక పల్చటి ప్లాస్టిక్ షీట్లు మూడో నాలుగో, తర్వాత మందపాటి అక్రిలిక్ పలక, చివర తెల్ల రిఫ్లెక్టర్ షీట్ ఉంటాయి. మనకి కావాల్సింది గాజు ప్యానెల్ ఒక్కటే. ఈ గాజు కింది అంచుకి చిన్న సర్క్యూట్ బోర్డు వేలాడుతుంటుంది, రెంటినీ కలిపేవి అగ్గిపెట్టె వెడల్పు ఉండే పల్చటి ఫిల్ములు, వాటి మీదే డ్రైవర్ చిప్పులు ఉంటాయి. బోర్డు మామూలుగా బ్యాక్‌లైట్ వెనక్కి మడిచి అతికించి ఉంటుంది, మనం దాన్ని విప్పి నిటారుగా చాపాలి, లేకపోతే వెలుగుకి అడ్డం.

ఆ ఫిల్ము గాజుకి అతుక్కున్న చోట వేలితో ఒత్తకండి, బోర్డుని గాలిలో వేలాడనివ్వకండి. నేను మొదటిసారి ప్యానెల్‌ని ఎడమ చేత్తో ఎత్తి, స్క్రూడ్రైవర్ కోసం కుడిపక్కకి తిరిగా, బోర్డు బరువు మొత్తం ఒక్క ఫిల్ము మీద పడి చిన్నగా వంగింది, చూపుకి ఏమీ కాలేదు. ఆన్ చేస్తే కుడివైపు మూడోవంతు బొమ్మ తెల్లగా పోయింది. ఆ అతుకుని ఇంట్లో ఎవరూ బాగుచెయ్యలేరు, టంకం పెట్టేది కాదది. అప్పట్నుంచి ముందు ఒక అట్టముక్క కోసి, గాజునీ బోర్డునీ కలిపి దానికి టేపేసి, ఆ తర్వాతే కదుపుతున్నా.

బ్యాక్‌లైట్ తీశాక ప్యానెల్ పనిచేస్తుందో లేదో తెలియాలంటే ఆన్ చేసి తెల్ల గోడ ముందో కిటికీ ముందో పట్టుకోండి, వెలుగు లోంచి బొమ్మ కనపడుద్ది.

స్క్రీన్ మీద మ్యాట్ పొర ఉంది, తీసేస్తే బొమ్మ పదునుగా వస్తుందంటున్నారు?

కొంచెం పదును పెరిగేమాట నిజమే, గరుకు పొర వెలుగుని చెదరగొడుతుంది కాబట్టి. తడి టిష్యూ రాత్రంతా పరిచి నానబెట్టి మెల్లగా లాగేవాళ్లున్నారు. కానీ చాలా ల్యాప్‌టాప్ ప్యానెళ్లలో ఆ గరుకు విడి పొర కాదు, పోలరైజర్ (ఒకే దిక్కులో కంపించే వెలుగునే పోనిచ్చే పొర) మీదే చేసి ఉంటుంది, లాగితే పోలరైజర్ కూడా వచ్చేస్తుంది. పోలరైజర్ లేకపోతే ప్యానెల్ బొమ్మ చూపించదు, ఉత్త తెల్ల గాజు. ఊడొచ్చిన పొరని మళ్లీ అదే కోణంలో పెడితే బొమ్మ వస్తుంది కానీ బుడగలు లేకుండా అతికించడం ఎవరివల్లా కాదు. నేనైతే ముట్టుకోను. గ్లాసీ ప్యానెల్ దొరికితే అదృష్టం.

లైటు ఎంత కావాలి?

మీరనుకున్నదానికి ఎన్నో రెట్లు. ఎల్‌సీడీ ప్యానెల్ వెలుగుని మింగే రాక్షసి. మొదటి పోలరైజరే సగానికి పైగా తినేస్తుంది, మిగిలినదాంట్లో రంగుల ఫిల్టర్లు మూడింట రెండొంతులు తింటాయి, పిక్సెల్ పిక్సెల్‌కీ మధ్య నల్ల గీతలు ఇంకొంత. వెనక నుంచి 100 వస్తే ముందుకి పోయేది 5 అటూ ఇటూ.

ఇప్పుడు లెక్క చూడండి. 100 వాట్ల సీఓబీ (చిన్న చిప్పులన్నీ ఒకే పలక మీద కూర్చిన) ఎల్‌ఈడీ మంచిదైతే 10,000 ల్యూమెన్ల దాకా ఇస్తుంది. అది అన్ని పక్కలకీ పోతుంది కాబట్టి ఫ్రెనెల్ మీద పడేది మూడోవంతు అనుకుందాం, 3,500. ప్యానెల్ దాటేది 175. లెన్సులు తినగా గోడకి చేరేది 120 ఉంటే గొప్ప. దాన్ని 80 అంగుళాల బొమ్మకి పరిస్తే 60, 70 లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత) వస్తుంది. చదువుకునే టేబుల్ మీద లైటు 300 పైనే ఉంటుంది కదా, దాంతో పోల్చుకోండి. చీకటి గదిలో సినిమా చూడ్డానికి బావుంటుంది, పగలు కర్టెన్ సందులోంచి వెలుగొస్తే బొమ్మ వెలిసిపోద్ది. ఇది ముందే తెలిసి దిగితే నిరాశ ఉండదు.

పాతవాళ్లు మెటల్ హ్యాలైడ్ బల్బులు వాడేవారు, 150 నుంచి 400 వాట్లవి. వెలుగు బాగుంటుంది, కానీ బ్యాలస్ట్ (బల్బుకి పోయే కరెంటుని అదుపులో ఉంచేది) కావాలి, వేడెక్కడానికి కొన్ని నిమిషాలు, ఆపితే చల్లారేదాకా మళ్లీ వెలగదు, పైగా అల్ట్రావయొలెట్ కిరణాలు. ఇప్పుడు ఎల్‌ఈడీ ఉండగా దాని జోలికి ఎందుకు.

ఎల్‌ఈడీకి మామూలు అడాప్టర్ పెట్టకండి, కాన్‌స్టెంట్ కరెంట్ డ్రైవర్ (కరెంటుని ఒకే తీరుగా ఇచ్చేది) కావాలి, 100 వాట్లదానికి సాధారణంగా 30 వోల్టుల పైన, 3 ఆంపియర్ల దాకా. ఇంకొన్ని చిన్న ఎల్‌ఈడీలు పక్కపక్కనే పెడితే వెలుగు పెరగదా అంటారు. పెరగదు. వెలుగు చిన్న చోటు నుంచి రావాలి, ఎందుకో కింద చెప్తా.

ఫ్రెనెల్ లెన్సులు రెండెందుకు, ఎటు తిప్పి పెట్టాలి?

ఫ్రెనెల్ అంటే మందపాటి లెన్స్‌ని వలయాలు వలయాలుగా కోసి పల్చగా పరిచినట్టు ఉండేది. ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ అనే ఆయన లైట్‌హౌస్‌ల కోసం తయారుచేశాడు, 1823లో కోర్డువాన్ లైట్‌హౌస్‌లో మొదట పెట్టారు. మనకి దొరికేది ప్లాస్టిక్ షీటు, ఒకవైపు నున్నగా, రెండోవైపు గోరుతో గీస్తే గ్రామఫోన్ రికార్డులా గరగరలాడుతూ ఉంటుంది.

మొదటిది లైటుకీ ప్యానెల్‌కీ మధ్య. 220 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్నదైతే లైటుని సరిగ్గా ఆ దూరంలో పెడితే వెలుగు సమాంతరంగా బయటికొచ్చి ప్యానెల్‌లోంచి నిటారుగా పోతుంది. రెండోది ప్యానెల్ దాటాక, 330 దాకా ఫోకల్ లెంగ్త్ ఉన్నది, అది ఆ వెలుగు మొత్తాన్ని పోగుచేసి ముందున్న ప్రొజెక్షన్ లెన్స్ మధ్యలోకి దింపుతుంది. గీతలున్న వైపు రెండిటికీ ప్యానెల్ వైపే ఉండాలి, అంటే నున్నటి వైపు ఒకదానికి లైటు వైపు, ఇంకోదానికి లెన్స్ వైపు. తిరగేసి పెడితే అంచుల్లో వెలుగు బాగా తగ్గుతుంది.

ఈ ఏర్పాటులో ఎల్‌ఈడీ బొమ్మే ప్రొజెక్షన్ లెన్స్ మీద పడుతుంది, 330ని 220తో భాగిస్తే ఒకటిన్నర రెట్లు. ఎల్‌ఈడీ వెలిగే భాగం 40 మిల్లీమీటర్లైతే అక్కడ 60 అవుద్ది, 80 మిల్లీమీటర్ల లెన్స్‌లో పడుతుంది. పది ఎల్‌ఈడీలు బారుగా పెడితే వాటి వెలుగు లెన్స్ పక్కనుంచి పోయి డబ్బా లోపలి గోడని వెలిగిస్తుంది, అంతకుమించి ఉపయోగం లేదు.

ప్యానెల్‌కీ ఫ్రెనెల్‌కీ మధ్య 10, 20 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. ఆనించి పెడితే ఆ వలయాలు గోడ మీద కనపడతాయి, పిక్సెళ్లతో కలిసి అలల్లాంటి గీతలు కూడా వస్తాయి. గాలి ఆడ్డానికి కూడా ఆ ఖాళీ కావాలి.

ముందు పెట్టే లెన్స్ ఏది? దూరాలు ఎలా లెక్కపెట్టాలి?

మూడు గాజులు కలిపి చేసే ట్రిప్లెట్ లెన్స్, ఫోకల్ లెంగ్త్ 320 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. ఒంటి భూతద్దంతో కూడా బొమ్మ వస్తుంది, మధ్యలో బావుండి మూలలు అలుక్కుపోతాయి, అక్షరాల అంచుల్లో నీలం, ఎరుపు గీతలు కనపడతాయి.

లెక్క స్కూల్లో చదివిందే. లెన్స్ నుంచి గోడ 3 మీటర్లు అనుకోండి. 320ని 3000తో గుణించి, 3000లోంచి 320 తీసేయగా వచ్చే 2680తో భాగిస్తే 358. అంటే ప్యానెల్ లెన్స్‌కి 358 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. 3000ని 358తో భాగిస్తే బొమ్మ 8.4 రెట్లు పెద్దదవుద్ది, 10.1 అంగుళాల ప్యానెల్ 85 అంగుళాలు అవుద్ది. గోడ 2 మీటర్లే ఉందంటే ప్యానెల్ దూరం 381కి మారాలి. కాబట్టి లెన్స్ ముందుకీ వెనక్కీ కనీసం 3 సెంటీమీటర్లు జరిగేలా ఏర్పాటు ఉంచుకోండి. నేను ఒకదాంట్లో ఒకటి దూరే రెండు పీవీసీ గొట్టం ముక్కలు వాడాను, ఇప్పటికీ అదే నడుస్తోంది.

అక్షరాలు తిరగబడి వస్తున్నాయి. ప్యానెల్‌ని తలకిందులు చేసినా కుదరట్లేదు!

దీనితో నేను ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నా. అలవాటుగా ప్యానెల్ ముఖం లెన్స్ వైపు పెడతాం. అప్పుడు బొమ్మ తలకిందులుగా వస్తుంది, తలకిందులు చేస్తే అద్దంలో చూసినట్టు కుడిఎడమలు మారి వస్తుంది. మందు ఏంటంటే ప్యానెల్ ముఖాన్ని లైటు వైపు తిప్పి, ఆ తర్వాత తలకిందులు చెయ్యాలి. మామూలుగా వెనకవైపు అనుకునేది లెన్స్ వైపు ఉంటుందన్నమాట. ప్యానెల్ అప్పటికే బిగించేసి ఉంటే కంట్రోలర్ మెనూలో కుడిఎడమలు తిప్పే ఆప్షన్ ఉందేమో చూడండి, అన్ని బోర్డుల్లో ఉండదు. లేదంటే దారిలో ఒక అద్దం పెట్టినా సరిపోద్ది.

ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద ప్యానెల్ పెట్టేస్తే అయిపోదా?

అంటే క్లాసుల్లో ప్లాస్టిక్ షీట్లు గాజు మీద పెట్టి గోడ మీద చూపించేది కదా, అయిపోద్ది, ఇంతకంటే సుఖమైన దారి లేదు. లైటు, ఫ్రెనెల్, లెన్స్, అద్దం అన్నీ అందులోనే ఉన్నాయి, ప్యానెల్‌ని ముఖం పైకి ఉండేలా గాజు మీద పెట్టడమే, అద్దం ఉంది కాబట్టి బొమ్మ తిరగబడదు కూడా. వాటి గాజు సుమారు 25 నుంచి 28 సెంటీమీటర్ల చదరమే, 10 అంగుళాల ప్యానెల్‌కి సరిపోతుంది. గాజుకి ఆనించకుండా మూలల్లో చిన్న దిమ్మలు పెట్టి ఎత్తి, పక్కనుంచి ఫ్యాన్ తగిలించండి.

సినిమా మధ్యలో తెర మీద నల్ల మచ్చ మొదలై పెద్దదవుతోంది. ప్యానెల్ పోయిందా?

వెంటనే లైటు ఆపండి! పోలేదు, వేడెక్కింది. లిక్విడ్ క్రిస్టల్ ఒక వేడి దాటితే మామూలు ద్రవంలా మారిపోతుంది, వెలుగుని తిప్పడం మానేస్తుంది, రెండు పోలరైజర్ల మధ్య అక్కడ నల్లగా అయిపోద్ది. సరిగ్గా మధ్యలో కాగితం మీద సిరా ఒలికినట్టు మొదలై పాకుతుంది. చల్లారితే మళ్లీ మామూలే. కానీ అలాగే వదిలేస్తే పోలరైజర్ గోధుమ రంగుకి తిరుగుతుంది, అది మాత్రం శాశ్వతం. ల్యాప్‌టాప్ ప్యానెళ్లకి కంపెనీలు చెప్పే హద్దు మామూలుగా 50 డిగ్రీలే.

ఎల్‌ఈడీ అయితే వెలుగులో వేడి ఉండదు కదా అంటారు. ఇన్‌ఫ్రారెడ్ తక్కువ, నిజమే, కానీ ప్యానెల్ మింగే ఆ 95 శాతం ఎక్కడికి పోతుంది? అక్కడే వేడవుద్ది. అందుకే గాలి ప్యానెల్‌కి రెండువైపులా తగలాలి, ఒక ఫ్యాన్ లోపలికి తోస్తుంటే ఇంకోటి బయటికి లాగాలి. ఎల్‌ఈడీకి విడిగా హీట్‌సింక్, పాత కంప్యూటర్ ప్రాసెసర్ కూలర్ ఫ్యాన్‌తో సహా బాగా పనికొస్తుంది, మధ్యలో థర్మల్ పేస్ట్ మర్చిపోకండి, 100 వాట్లలో అరవై పైన వేడిగానే పోతుంది. ఫ్యాన్ ఆగితే లైటు ఆగిపోయేలా ఒక థర్మల్ స్విచ్ (వేడెక్కితే కరెంటు తెంచేది) హీట్‌సింక్ మీద పెట్టుకుంటే రాత్రి నిద్ర పడుతుంది.

మూలలు చీకటిగా ఉన్నాయి, బొమ్మ ఒకవైపు వెడల్పుగా ఉంది. ఏం చెయ్యాలి?

మూలల చీకటికి ముందు లైటుని ముందుకీ వెనక్కీ కొన్ని మిల్లీమీటర్లు జరిపి చూడండి, చాలాసార్లు అంతే. తర్వాత లెన్స్ ముందు తెల్లకాగితం పెట్టి ఎల్‌ఈడీ మచ్చ మధ్యలో పడుతుందో లేదో చూడండి. బొమ్మ ఒకవైపు వెడల్పైతే డబ్బా గోడకి వంకరగా ఉన్నట్టు. డబ్బాని వంచకుండా లెన్స్ ఒక్కదాన్నే కొంచెం పైకి జరిపితే బొమ్మ కూడా పైకి పోతుంది, ఆకారం చెడదు.

ప్రమాదాలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్ అయితే బ్యాక్‌లైట్ సన్నటి ట్యూబ్ లైటు, దాన్ని వెలిగించే చిన్న ఇన్వర్టర్ బోర్డులో వందల వోల్టులు ఉంటాయి, ట్యూబులో కొద్దిగా పాదరసం ఉంటుంది, పగలగొట్టకండి. 100 వాట్ల ఎల్‌ఈడీని నేరుగా చూడకండి, టెస్ట్ చేసేటప్పుడు కూడా. డబ్బా లోపల నల్లరంగు కాగితం అంటించేవాళ్లు లైటుకి దగ్గరగా అంటించొద్దు.

ఎవరూ చెప్పనిది ఇంకోటి ఉంది, ఫ్రెనెల్ షీటు. నేనొకసారి దాన్ని కిటికీకి ఆనించి బయటికెళ్లా. వచ్చేసరికి కుర్చీ కవరు మీద వేలెడు పొడుగు నల్లగా కాలిన గీత, ఎండ జరుగుతున్నకొద్దీ ఆ చుక్క కూడా జరుగుతూ గీసిన గీత. నిప్పు అంటుకోలేదు, అదే నయం. వాడనప్పుడు గుడ్డ చుట్టి బీరువాలో పెట్టండి.

సౌండ్?

విడిగా స్పీకర్. డబ్బాలో పెడితే ఫ్యాన్ల గోల తప్ప ఏమీ వినపడదు.

కొనుక్కునే ప్రొజెక్టర్ కంటే చవకా?

లెన్సులు, బోర్డు, ఎల్‌ఈడీ, డ్రైవర్ అన్నీ కొనుక్కుంటే కాదు, పైగా చవక ఎల్‌ఈడీ ప్రొజెక్టర్లు చాలావాటి లోపల ఉండేది కూడా ఒక ఎల్‌సీడీ పలక, ఫ్రెనెల్స్, ఎల్‌ఈడీ, ఇదే సరుకు. చేతి దురద ఉంటేనే దిగండి.

సరే, దిగుతున్నా. ముందు ఏది కొనాలి?

లెన్సులు. డబ్బా చెయ్యకండి, ప్యానెల్ విప్పకండి. ఒక పొడుగు టేబుల్ మీద లైటు, ఫ్రెనెల్స్, ట్రిప్లెట్ పుస్తకాల మధ్య నిలబెట్టి, ప్యానెల్ ఉండాల్సిన చోట మార్కర్‌తో గళ్లు గీసిన ప్లాస్టిక్ షీటు ఒకటి అదే సైజులో కోసి పెట్టండి. గోడ మీద గళ్లు మూలల దాకా తిన్నగా, సమానంగా వెలుగుతున్నాయా చూసి, ఆ దూరాలన్నీ టేపుతో కొలిచి టేబుల్ మీదే రాసేసుకోండి. ఆ షీటు చెడితే ఇంకోటి కోసుకోవచ్చు.